అమావాస్య వెళ్ళిన సోమవారం

2025 మే 13, మంగళవారం

ఈ పుస్తకం క్లాసులో హాజరు వేయడానికి కొన్నాను. ఇవాళ్టి నుంచి నాకోసం వాడుకుంటాను. తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఎవరి చేతిలో పడినా భయం లేదు. బర్మాలో మా పజుండౌంగ్ పేట మొత్తంలో తెలుగు చదవగలిగిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలోనూ సగం మందికి చూపు ఆనదు.

నిన్న బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. ముసలివాళ్ళని చూసుకునే పనికి ఇకమీదట బయటి దేశాల నుంచి మనుషులని తీసుకోరట. ఇప్పటికే వెళ్ళినవాళ్ళు శాశ్వతంగా ఉండడానికి అయిదేళ్ళు కాదు, పదేళ్ళు ఆగాలట. నా భార్య రాధ వెళ్ళి పదమూడు నెలలైంది. పదేళ్ళలోంచి పదమూడు నెలలు తీసేస్తే ఎంతో నేను లెక్క వేయను.

భార్య లింకన్‌షైర్‌లో ఎవరి తల్లికో స్నానం చేయిస్తూ ఉంటే, నేను ఇక్కడ ఆమె తల్లి, మా అత్త సింహాచలమ్మగారి ఇంట్లో అత్త వండింది తింటూ ఉన్నాను. నిరుడు మార్చి పదకొండు నుంచి పెట్టిన దరఖాస్తుల మీద మొగుణ్ణిగానీ పెళ్ళాన్నిగానీ వెంట తీసుకెళ్ళే హక్కు పోయింది. రాధ దరఖాస్తు సరిగ్గా పదకొండున పడింది. ఒక్క రోజు ముందు పడి ఉంటే ఇవాళ నేనూ అక్కడే ఉండేవాణ్ణి.

మే 14

తప్పు ఏజెంటు రాజమోహన్‌ది. పదకొండు దాకా టైముందని చెప్పింది వాడే. రాసి పెడుతున్నాను.

మే 20, మంగళవారం

పై దేశాలకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే ఇంగ్లీషు క్లాసులో పద్నాలుగు మంది. జపాను వెళ్ళేవాళ్ళు తొమ్మిది మంది, సింగపూరుకి నలుగురు. ఇంకా ఎక్కడికీ తేల్చుకోనిది ఒక్క తార. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మీసులో చెబుతుంది. ఇవాళ చదివించడానికి బ్రిటన్ వార్త ఒకటి తీసుకెళ్ళాను. అయిదేళ్ళ కిందట యూరప్ కూటమిలోంచి బయటికొచ్చిన బ్రిటన్, నిన్న అదే కూటమితో కూర్చుని మళ్ళీ ఒప్పందం చేసుకుంది. చేపల వేట గురించి, పడుచువాళ్ళ రాకపోకల గురించి.

పిల్లలకి అర్థం కాలేదు. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడ్డ తమ్ముడనుకోండి అన్నాను. వేరుపడేటప్పుడు మాకు ఎవరూ అక్కరలేదన్నాడు. నడవలేని ముసలివాళ్ళని ఎత్తి కూర్చోబెట్టే పోలండువాళ్ళూ రొమేనియావాళ్ళూ రావడం తగ్గిపోయింది. ఇంట్లో మంచం మీదున్న తల్లిని చూసేవాళ్ళు లేక, సముద్రాల అవతలి నుంచి మనల్ని పిలిచాడు. మనం కాస్త ఎక్కువమందిమి వెళ్ళేసరికి ఇంట్లోవాళ్ళు గొణిగారు. ముందు మీ మొగుళ్ళని తేవద్దన్నాడు, ఇప్పుడు మీరూ రావద్దంటున్నాడు. ఇటు పక్క అన్నగారింటికి మళ్ళీ పెరుగు గిన్నె పంపిస్తున్నాడు.

పిల్లలంతా నవ్వారు. తార నవ్వలేదు. "సయా, మీ ఇంటావిడ వెళుతున్నప్పుడు మీరేమన్నారు?" అని బర్మీసులో అడిగింది. సయా అంటే మాస్టారు. మాస్టార్ని అడగాల్సిన ప్రశ్న కాదది. తరువాతి పేరా చదవమన్నాను.

ఇంటికొచ్చాక అనుకున్నాను, ఈ వేరుపడడాలు మనకి కొత్తేమీ కాదు. మా ముత్తాత సేక్కాన్ రేవులో బస్తాలు మోస్తున్న రోజుల్లోనే బర్మా ఇండియా నుంచి వేరుపడింది. తెల్లారి లేచేసరికి ఆయన పరదేశి. బస్తా అదే, రేవు అదే. ఆ తరువాతి సంగతులు, ఇప్పటి మన దేశం సంగతులు ఇక్కడ రాయను. తెలుగులోనైనా సరే రాయను. పరాయి దేశపు రాజకీయమైతే ఎంతైనా రాసుకోవచ్చు.

జూన్ 3

ఒక ఆలోచన వచ్చింది. తలుపు ఇంకా పూర్తిగా మూయలేదు. ముసలివాళ్ళని చూసుకునే పనికి నేనే దరఖాస్తు పెట్టుకుంటే? నాకు ఇంగ్లీషు ఉంది. మా నాన్నని మూడేళ్ళు మంచం మీద చూసుకున్నాను, చేయి తిరిగిన పనే. ముప్పై తొమ్మిదేళ్ళు నిండాయి కాబట్టి పట్టాళం ఈడని మగవాళ్ళని ఇక్కడి నుంచి వెళ్ళనివ్వని వయసూ దాటిపోయింది.

రాధకి వైబర్‌లో చెప్పాను.  తన మేనేజరుని అడుగుతానంది. గొంతులో సంతోషం వినిపించింది. నాకు వినిపించింది.

జూన్ 4

వీసాకి కావాల్సిన ఛాతీ ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో కనుక్కున్నాను. అత్త నా స్వెట్టర్ తీసి ఎండలో వేసింది.

జూన్ 12

మేనేజరు మంచావిడ. కానీ ఏప్రిల్ నుంచి అక్కడ కొత్త నిబంధన వచ్చిందట. యజమాని లైసెన్సు పోయి, ఆ దేశంలోనే పని లేకుండా మిగిలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ముందు వాళ్ళకి ఇవ్వాలి, వాళ్ళెవరూ దొరక్కపోతేనే బయట వెతకాలి. ఆవిడ ప్రకటన వేసిన రోజునే నలుగురు వచ్చారు. నేను చేయాల్సిన పనిలో ఒక మలయాళీ అమ్మాయి చేరింది. గది దొరక్క రాధ గదిలోనే ఉంటోంది. బాగా వండుతుందట.

ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆరు నెలలు ఎవరో దూరపు చుట్టం సోఫా మీద పడుకుందట.

స్వెట్టర్ మళ్ళీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళింది.

జూన్ 26, గురువారం

ఆషాఢం మొదలైంది. అన్నం తింటూ అత్తతో అనకూడని మాట అన్నాను. నీ మాసాల పట్టింపులు, నీ అమావాస్యలు లేకపోతే నేనిప్పుడు రాధ దగ్గర ఉండేవాణ్ణి అన్నాను. నిరుడు శివరాత్రి నాటికే రాధ కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఫోనులో ఒక్కసారి నొక్కితే సరిపోయేది. అమావాస్య వెళ్ళనీ అని ఆగి, సోమవారం పాడ్యమి నాడు నొక్కాం. పదకొండో తారీఖు.

అత్త గరిటె కింద పెట్టింది.

"నానెప్పుడన్నాను బాబూ? అమాసెల్లనీ అన్నది నువ్వు. ఇశాపట్నం పంచాంగం నువ్వే తీసి సూసినావు. మనకి గంట కలుపుకోవాల అని రాధకి నువ్వే సెప్పినావు. నానటు పక్కన సేపలు కడుగుతన్నాను."

 ఈ మధ్య అత్తకి మతిమరుపు ఎక్కువవుతోంది. రాధతో చెప్పాలి, డాక్టరుకి చూపించాలి.

జులై 9

డాక్టరుకి చూపించలేదు.

జులై 22, మంగళవారం

ఇవాళ్టి నుంచి బ్రిటన్ తలుపు పూర్తిగా మూశారు.

జులై 23

క్లాసుకి వెళ్ళలేదు.

ఆగస్టు 16

పబేడాన్‌లో టీ దుకాణం ముందు రాజమోహన్ కనబడ్డాడు. ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నది వాడనుకున్నాను. వాడు నన్ను చూసి చేయెత్తి పిలిచాడు, పక్కకి తిరిగి నడిచింది నేను. వెంటబడి వచ్చి చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. చపాతీ, పప్పు తెప్పించాడు.

నేను కడుపులో ఉన్నదంతా కక్కేశాను. వాడు విని, కోపం తెచ్చుకోకుండా ఫోను తీసి పాత మెసేజీలు చూపించాడు. మార్చి ఎనిమిది శుక్రవారం వాడు రాసినది ఉంది. ఈరోజే పెట్టెయ్యండి, అంచుదాకా పోవద్దు అని. శనివారం మళ్ళీ ఉంది. పదకొండుకి ముందే పడాలి, పదకొండున పడితే లాభం లేదు అని. రెండింటి కిందా నేను బొటనవేలు బొమ్మ పెట్టి ఉన్నాను.

"నువ్వు సదవనేదేటో అనుకున్నాను వాసూ. సదివినావు గదా," అన్నాడు రాజమోహన్.

చపాతీ ఇక్కడ బాగా చేస్తారు.

సెప్టెంబర్ 18

రాధ పుట్టినరోజు. ముప్పై ఆరు.

సాయంత్రం ఆరున్నరకి మాట్లాడింది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, భోజనం విరామం. తను చూసుకునే డొరొతీ అనే పెద్దావిడకి తొంభై ఒకటి. ఆవిడ యూరప్ కూటమిలోంచి బయటికి రావాలనే ఓటు వేసిందట. ఆ మాట దాచుకోదు. నీమీద కాదమ్మా, నీకు ముందు వచ్చినవాళ్ళ మీద వేశాను అంటుందట. ఆ ముందు వచ్చినవాళ్ళలో పోలండు అమ్మాయి ఒకతె తన జుట్టు చక్కగా దువ్వేదని, ఎందుకెళ్ళిపోయిందో అని వారానికోసారి అడుగుతుందట. వెళ్ళొద్దని ఎవరైనా అడిగారా అని రాధ అంటే, పెద్దావిడ ఆలోచించి, అడగాలని తోచలేదు, తనకే తెలుస్తుందనుకున్నాను అందట.

ఇది చెప్పి రాధ ఆగింది. నేను కేకు తెప్పించుకున్నావా అని అడిగాను.

రాధకి ముప్పై ఆరు.

అక్టోబర్ 7, మంగళవారం

బర్మావాళ్ళ దీపాల పండగ సెలవు, మన దీపావళి కాదు. మధ్యాహ్నం మూడయింది, కరెంటు ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. అత్త గుడికి వెళ్ళింది. రాయడానికి అడ్డేమీ లేదు.

అమావాస్య వెళ్ళనీ అన్నది నేనే.

నాకు అమావాస్య పట్టింపు లేదు. పెళ్ళిచూపులకి వచ్చింది కూడా అమావాస్య నాడే, అప్పుడు నవ్వాను. ఆ శుక్రవారం రాధ ఫోను చేతిలో పట్టుకుని, నొక్కేద్దామా బావ అంది. మంచి రోజు చూద్దాం అన్నాను. మన ఇళ్ళలో ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు ఉండరు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఉండరు. శనివారం పంచాంగం తెచ్చి చూపించాను. ఆదివారం మధ్యాహ్నం మన టైము మూడున్నరకి అమావాస్య వెళ్ళిపోతుందని అందులో ఉంది. మూడున్నర దాటాక రాధ మళ్ళీ అడిగింది. రేపు తలంటి పోసుకుని పెడదాం అన్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం సైకిల్ రిక్షా ఎక్కి సేక్కాన్ ఒడ్డుకి వెళ్ళాం. లాంచీలు అవతలి ఒడ్డున ఉన్న దలా వైపు వెళ్ళివస్తున్నాయి. రాధ వేయించిన శనగలు కొంది, నా జేబులోనే పెట్టి నా జేబులోంచే తింది. ఆవిడ చేయి మాటిమాటికీ నా జేబులోకి వచ్చేది. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. రేపటితో గడువు దాటిపోతుందని నాకు తెలుసు. రాజమోహన్ మెసేజీలు చదివాను. చదివే బొమ్మ పెట్టాను.

పొద్దున ఆరున్నర దాకా ఇంగ్లండులో ఇంకా ఆదివారమే. ఇది పిల్లలకి పాఠం చెప్పే నాకు తెలియకపోవడమేమిటి? ఆరింటికి లేచాను. టీ పెట్టుకున్నాను. రాధ అటు తిరిగి పడుకుని ఉంది. ఫోను తలగడ పక్కనే ఉంది. లేపలేదు. ఆరున్నర అయ్యేదాకా కూర్చుని టీ తాగి, క్లాసుకి వెళ్ళిపోయాను. నేను క్లాసులో ఉండగా తొమ్మిది దాటాక తనే నొక్కింది.

నేను రాకుండా పోయే పనైతే రాధ తనంతట తనే మానేస్తుందనుకున్నాను. ఇద్దరం కాకపోతే నేనెందుకు బావ అంటుందనుకున్నాను. వెళ్ళొద్దు అని నేను అడగకుండానే ఆగిపోతుందనుకున్నాను. ఆ సోమవారం సాయంత్రం రాధ, నువ్వు రావడానికి లేదట, ఇప్పుడేం చేద్దాం అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

వెళ్ళింది. నాకు రాధ కావాలి. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది.

అక్టోబర్ 8

చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

కౌలాలంపూర్‌లో చుట్టుపక్కల దేశాల పెద్దలంతా సమావేశమయ్యారు. మన తరఫున ఎవరు వెళ్ళారో, ఎవరిని పిలవలేదో రాయనన్నాను కదా.

ఇవాళ రాధకి చెప్పాను. పుస్తకం ముందు పెట్టుకుని ఆరో తరగతి పిల్లాడిలా చదివి వినిపించాను. శనగల సంగతి కూడా వదలకుండా చివరి దాకా చదివాను.   

"ఆ పొద్దున్న నాను నిద్రపోనేదు బావ," అంది రాధ. "కళ్ళు మూసుకుని ఇంటన్నాను. లేపుతావా, ఎల్లొద్దంటావా అని. నాకూ తారీకు తెలుసు. నువ్వు టీ తాగీసి మెట్లు దిగిపోనావు."

పుస్తకం మూసేశాను.

"ఎల్లొద్దంటే ఆగిపోదును," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. విరామం అయిపోయిందని పెట్టేసింది.

అక్టోబర్ 27

ఫోను రాలేదు.

అక్టోబర్ 31

ఫోను వచ్చింది. అత్త మోకాలికి ఏ నూనె రాసుకుంటోందో రాధ అడిగింది. చెప్పాను. నిమిషం కూడా మాట్లాడలేదు, అయినా ఆ రోజంతా ఇంట్లో ఈల వేస్తూ తిరిగాను. అత్త నావైపు అదోలా చూసింది.

నవంబర్ 21, శుక్రవారం

నిన్న బ్రిటన్ మళ్ళీ ప్రకటించింది. రాధలా ఆ రెండు మూడేళ్ళలో ముసలివాళ్ళ పని మీద వెళ్ళినవాళ్ళు శాశ్వత నివాసానికి పదిహేనేళ్ళు ఆగాలన్నది ప్రతిపాదన. ఇంకా ఖాయం కాలేదు, జనం అభిప్రాయాలు అడుగుతున్నారు. మన అభిప్రాయం కూడా అడుగుతారేమోనని చివరి దాకా చదివాను.

పదిహేనేళ్ళకి రాధకి నలభై తొమ్మిది వస్తాయి. లెక్క వేయనన్నాను, వేశాను.

నవంబర్ 24

మేనేజరు రాధకి కాగితం ఇచ్చింది. ఇంకో అయిదేళ్ళకి పని పొడిగిస్తారు. శుక్రవారం లోగా సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు, వరసలో చాలామంది ఉన్నారు. మళ్ళీ వెళదామంటే ఇక తలుపు లేదు.

సంతకం పెట్టాలి. ఎందుకు పెట్టాలో పొద్దుటి నుంచీ రాసుకుంటున్నాను. అక్కడ రోజంతా కరెంటు ఉంటుంది. రోడ్డు మీద ఎవరూ ఆపి కార్డు అడగరు. ఇక్కడికొస్తే ఏం పని చేస్తుంది? వచ్చేవాళ్ళకంటే వెళ్ళేవాళ్ళే ఎక్కువున్న ఊరు ఇది. నా క్లాసు నడిచేదే వెళ్ళేవాళ్ళ మీద. తార కూడా చివరికి జపాను ఖాయం చేసుకుంది. ఇలాంటి చోటికి రమ్మని మంచి కోరేవాడెవడైనా అంటాడా?

సాయంత్రం రాధ అడిగింది. పెట్టనా బావ అంది. ఈ కారణాలన్నీ చెప్పాను. విన్నది. అవన్నీ సరే, నువ్వేమంటావు అంది. నీ ఇష్టం అన్నాను.

ఫోను పెట్టేసింది.

నవంబర్ 26

అత్తకి అంతా తెలుసు. గోడలు పలచన. చింతపండు పిసుకుతూ, నావైపు చూడకుండా అంది.

"మీ మావా అంతే. నీ ఇష్టం, నీ ఇష్టం అనీవోడు. ముప్పై ఏళ్ళు కాపరం సేసినాను. ఆడికేటి కావాలో నాకు తెలీనేదు, నాకేటి కావాలో ఆడడగనేదు. మంచోడే పాపం."

కూతురు ఇక్కడికి రావడం మంచిదేనా అని అడిగాను. అది నువ్వూ అదీ సూసుకోండి, మంచీ సెడ్డా సూసి ఎవులు కాపరం సేస్తారు అంది.

నవంబర్ 28, శుక్రవారం

అక్కడ గంటలు మారాయి కాబట్టి విరామం మనకి ఏడున్నరకి. నేను ఏడింటికే మేడ మీదకి వెళ్ళాను. లైను అక్కడే బాగా అందుతుంది. మొన్న రాసుకున్న కారణాల కాగితం ఇంట్లోనే వదిలేశాను.

రాధ ఎత్తగానే, సంతకం పెట్టావా అని అడిగాను. పెన్ను చేతిలో ఉంది, సాయంత్రం ఇస్తానన్నాను అంది. వెనక డొరొతీ దగ్గు వినబడుతోంది.

"పెట్టొద్దు," అన్నాను. "వచ్చెయ్ రాధా. నువ్వు లేకుండా నాకు బాగాలేదు."

 ఇక్కడ ఏం ఉందని రమ్మంటున్నావని అడుగుతుందేమోనని భయమేసింది. అడిగితే చెప్పడానికి నా దగ్గర నేను తప్ప ఇంకేమీ లేదు. డొరొతీ ఎవరమ్మా ఫోనులో అని అడుగుతోంది. మా ఆయన అని చెప్పింది రాధ, ఇంగ్లీషులో. ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

"మళ్ళీ అను బావ," అంది.

మళ్ళీ అన్నాను.